రాజుగారి చెక్క మీద నాలుగు అడుగులు

ఈ దేశంలో నాకు పని చేసే హక్కు లేదు. మా ఆయన వీసా తోక పట్టుకుని వచ్చినదాన్ని కాబట్టి కాగితాల్లో నా పేరు పక్కన ‘డిపెండెంట్’ అని ఉంటుంది. ఆ మాట ఎక్కడ కనిపించినా నాకు ఒళ్ళు మండుతుంది. తెనాలిలో పదకొండేళ్ళు జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పాను. నా గొంతు పక్క సెక్షన్ దాకా వినిపిస్తోందని ప్రిన్సిపాల్ రెండుసార్లు పిలిచి మరీ చెప్పారు. అలాంటి గొంతును అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఒక అపార్ట్‌మెంట్‌లో మూసిపెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, మంచు తోసే బండి ఎప్పుడొస్తుందా అని చూస్తూ రెండు చలికాలాలు గడిపాను.

“జీతం తీసుకోనంతవరకు వాలంటీర్‌గా వెళ్ళొచ్చంట. లాయర్‌ని కూడా అడిగాను” అన్నాడు మా ఆయన ఒకరోజు. నా నస భరించలేక అడిగాడని నాకు తెలుసు. ఎందుకు అడిగితేనేం, అలా దొరికింది నాకు ఆ ఇల్లు.

నోవైకి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న టౌన్‌షిప్‌లో ఉంటుంది. నిజానికి అది మిషిగన్ ఇల్లు కాదు. తూర్పు తీరంలో, బ్రిటిష్ రాజు ఏలుబడిలో ఎవరో రైతు కట్టుకున్న ఇల్లు. చాలా కాలం తర్వాత ఒక డబ్బున్నాయన ముచ్చటపడి దాన్ని విప్పించి, ఒక్కో చెక్కకూ నంబరు వేయించి, రైలెక్కించి తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. కింద రెండు గదులు, వాటి మధ్య మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద పొయ్యి. ఇరుకు మెట్లెక్కితే వాలు కప్పు కింద ఇంకో గది. శనివారాలు జనం టికెట్లు కొనుక్కుని వస్తారు. పాతకాలపు గౌను, ఏప్రన్, నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని నాలాంటి వాలంటీర్లు వాళ్ళకు ఇల్లు చూపిస్తారు.

ఆ ఇంటిని నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఒకప్పుడు పార్కింగ్ లాట్ కోసం ఆ ఇంటిని పడగొట్టబోతే, బుల్‌డోజర్‌కి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుందట. ఆ కథ విన్నప్పుడే ఆమె అంటే నాకు ఇష్టం కలిగింది. ఆ తర్వాత మా మధ్య ఎంత నడిచినా ఆ ఇష్టం పోలేదు.

మొదటి రోజే నేను ఒక పని చేశాను. గుమ్మం ముందు చెప్పులు, అంటే ఆమె ఇచ్చిన ఆ బకిల్ బూట్లు, విప్పి పక్కన పెట్టి సాక్సుతో లోపలికి వెళ్ళాను. కావాలని చేసింది కాదు. పొయ్యి వెలుగుతోంది, ఎవరో కాపురమున్న ఇల్లు, కాళ్ళు వాటంతటవే ఆగి విప్పుకున్నాయి.

“ఆ కాలం ఆడవాళ్ళు ఇంట్లో బూట్లు వేసుకునేవారమ్మా” అంది టీచరమ్మ.

“మా కాలం ఆడవాళ్ళం వేసుకోం” అన్నాను. ఆమె నవ్వి వదిలేసింది. జనం ఉన్నప్పుడు వేసుకుని, లేనప్పుడు విప్పుకునేలా మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

పొయ్యి దగ్గర చోటు నాకు నెల తిరక్కుండానే దొరికింది. మిగతా వాలంటీర్లు ఆ పొయ్యి ముట్టించడానికి అరగంట తిప్పలు పడి, పొగకు కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెత్తేవారు. నేను రెండు పేళ్ళు, చారెడు పొట్టు వేసి ఊదితే అంటుకునేది. మా అమ్మమ్మ వంటింట్లో నేర్చుకున్న విద్య డెట్రాయిట్ పొలిమేరల్లో పనికొస్తుందని ఎవరనుకుంటారు. ఒక్క విషయంలోనే నేను మొండికేశాను. కుండలో కలిపిన గరిటెనే నోట్లో పెట్టుకుని రుచి చూసి మళ్ళీ కుండలో పెట్టమంటే, చచ్చినా పెట్టలేదు. వాసన చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేదాన్ని. జనం అదేదో పాత విద్య అనుకుని ఆశ్చర్యంగా చూసేవారు.

చెప్పడానికి సిగ్గెందుకు, శనివారం కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆ పొయ్యి పక్కన నిలబడితే ముప్ఫై మంది నోరు మూసుకుని నా మాట వినేవాళ్ళు. అక్కడ నేను ఎవరి డిపెండెంట్‌నీ కాదు. ఈ దేశంలో నాకంటూ ఉన్నది ఆ నాలుగు గజాల ఇటుక నేల ఒక్కటే, అది పోతే మళ్ళీ కిటికీయే.

గైడ్లు ఏం చెప్పాలో ఒక కార్డు మీద అచ్చేసి ఇచ్చేవారు. ఇంటి బాగోగులు చూసే కమిటీ ఆమోదించిన కార్డు అది. రాజుగారు నేల మంజూరు చేశారు, జనం ఓడలెక్కి వచ్చారు, అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు, ఊరికొక ప్రార్థనా మందిరం కట్టుకుని సభలు పెట్టుకున్నారు. ఆ సభలో నేల ఉన్న మగవాళ్ళకే మాట ఉండేదని కార్డులో లేదు. మందిరంలో ఎవరి బెంచీ ఎక్కడో హోదాను బట్టి పంచేవారని లేదు. ఓడ ఛార్జీ ఇచ్చుకోలేనివాళ్ళు ఇన్నేళ్ళు చాకిరీ చేస్తామని కాగితం రాసిచ్చి వచ్చారని, ఆ కాగితం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అమ్ముడయ్యేదని లేదు. కాగితం గడువు కూడా లేకుండా ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చినవాళ్ళ గురించి లేదు. నేల అంతకుముందు ఎవరిదో అసలే లేదు. టౌన్‌షిప్ లైబ్రరీలో ఒక చలికాలమంతా కూర్చుని చదువుకున్నాను కాబట్టి ఏమేం లేవో నాకు తెలుసు.

కార్డులో జనానికి బాగా నచ్చే ఘట్టాలు రెండు. ఒకటి రాజుగారి చెక్క. రెండడుగుల లావు దాటిన పైన్ చెట్టు కనిపిస్తే రాజుగారి మనుషులు గొడ్డలితో బాణం గుర్తు వేసేవారు. అది ఓడ స్తంభాలకు, ముట్టుకుంటే జరిమానా. ఈ ఇల్లు కట్టిన ఇంటాయన మాత్రం అలాంటి చెట్టునే కొట్టి, పలకలు కోయించి, ఎవరి కంటా పడకుండా మేడ మీద గదిలో నేలకు వేయించాడు. అక్కడ “రాజు వచ్చి మేడెక్కి చూస్తాడా” అని కార్డులో ఒక వాక్యం ఉంటుంది, జనం చప్పట్లు కొడతారు. రెండోది, అద్దాల పెట్టెలో ఉన్న ముతక ఉన్ని కోటు. ఇంగ్లాండు గుడ్డ కొనేది లేదని ఆ ఇంటాయన పంతం పట్టి ఇంట్లో వడికిన నూలుతో కుట్టించుకున్నది. ఆ కోటు దగ్గర నా గొంతు దానంతటదే పైకి లేచేది. మా తాతగారు కూడా తెల్లవాళ్ళ మీద పంతంతో చచ్చేదాకా ఖద్దరు తప్ప కట్టలేదు, మూడు నెలలు జైల్లో ఉండి వచ్చారు. ఆ మాట కార్డులో లేకపోయినా చెప్పేదాన్ని, టీచరమ్మ కూడా అభ్యంతరం పెట్టలేదు.

మేడ మీద గదికి జనాన్ని పంపరు. మెట్లకు అడ్డంగా తాడు కడతారు. “సామాన్ల గది” అని కార్డులో రెండే మాటలు. రెండో ఏడాది వసంతంలో, సీజన్ మొదలయ్యే ముందు దాన్ని ఊడ్చే పని నాకు పడింది. అలవాటు ప్రకారం బూట్లు మెట్ల కింద విప్పి సాక్సుతో ఎక్కాను.

పలకలు నిజంగానే వెడల్పుగా ఉన్నాయి, ఒక్కొక్కటీ తలుపు రెక్కంత. చీపురుతో కిటికీ వైపు జరుగుతుంటే నా కాలు కొద్దిగా దిగబడినట్టనిపించింది. వెనక్కి వేశాను, అక్కడా అంతే. కూర్చుని చేత్తో తడిమాను. కిటికీ పక్కన, గోడ పొడుగునా, నాలుగు అడుగుల దారి నేలలోకి అరిగిపోయి ఉంది. కంటికి అంతగా తెలియదు. బూటు వేసుకున్న కాలికి అసలే తెలియదు. చివర రెండు గుంటలు, ఎవరో అక్కడ ఆగి, తిరిగి, మళ్ళీ నడిచినట్టు.

అది ఏమిటో అర్థం కావడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. కింది గదిలో నిలబడి తిప్పే పెద్ద రాట్నం ఉంది. మన రాట్నంలా కూర్చుని తిప్పేది కాదు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో ఉన్ని పట్టుకుని వెనక్కి నడవాలి, పోగు చుట్టుకునేటప్పుడు ముందుకు నడవాలి. రోజంతా అలా వెనక్కీ ముందుకీ. ఆ గదిలో ఎవరో ఏళ్ళ తరబడి వడికారు.

ఎవరో తెలుసుకోవాలని ఆఫీసులో ఇంటి పాత కాగితాల ఫైలు తీశాను. ఇంటాయన పోయినప్పుడు ఊరివాళ్ళు ఇంట్లో ఉన్నవన్నీ రాసిన జాబితా ఒకటుంది. వరసగా చదువుకుంటూ పోయాను. రెండు పాడి ఆవులు. ఇత్తడి కళాయి. పనామె ఒకతె, మూడేళ్ళ రెండు నెలల కాలం మిగిలి ఉంది. పెద్ద రాట్నం. కుర్చీలు ఆరు.

కళాయికీ రాట్నానికీ మధ్య మనిషి. పేరు లేదు, మిగిలిన కాలం మాత్రం నెలలతో సహా ఉంది. మా కష్టమూ ఆమె కష్టమూ ఒకటేనని నేను అనను, మేం విమానంలో వచ్చాం, తిరిగి వెళ్ళే దారి మాకుంది. కానీ మా ఆయన వీసాలో ఎంత కాలం మిగిలుందో నాకు రోజులతో సహా తెలుసు, ఆయన పేరు పక్కన ఏ తేదీ రాసి ఉంటే నా బతుకూ దాని వెనకే నడుస్తుందనీ తెలుసు. ఆ ఫైలు ఒళ్ళో పెట్టుకుని నేను ఏడ్చాను. ఏడుపు అయ్యాక చెడ్డ కోపం వచ్చింది. రాజును ఎదిరించాడని చప్పట్లు కొట్టించుకుంటున్న ఆ చెక్క మీద నడిచింది ఈమె. పంతం పట్టి తొడుక్కున్న ఆ కోటు వడికింది ఈమె. పౌరుషమంతా ఆయన ఖాతాలోకి పోయింది, ఆమె సామాన్ల గదిలో సామాను అయింది.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళి కార్డులో ఒక్క వాక్యం చేర్చమన్నాను.

“ఆ గుంట ఆమెదేనని రుజువుందా?” అంది ఆవిడ.

“మరెవరిదంటారు? ఇంటాయన గారు పొలం మానేసి మేడెక్కి రాట్నం తిప్పారా?”

“నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ కార్డు కమిటీది. ఒక్కో గైడు ఒక్కో మాట చెబితే ఈ ఇంటికి విలువ ఉండదు. ఈ ఇల్లు నిలబడటానికి నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలియదు. జనం ఇక్కడికి వచ్చేది గర్వపడటానికి.” ఆమె మాటలో కోపం లేదు, అలసట ఉంది. అందుకే ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే ఆయన లాప్‌టాప్ మూయకుండానే అన్నాడు. “గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పు. కార్డులో ఉన్నది చెప్పి వచ్చేయ్, నీ టైమ్‌పాస్ నీకవుతుంది.”

“నాది టైమ్‌పాసా?”

“అలా అన్లేదు. రిస్క్ ఎందుకంటున్నాను.”

“మేడ మీద ఒక పనామె ఉండేదని చెబితే మన ఫైలు ఆపేస్తారా ఎవరైనా?”

ఆయన మళ్ళీ లాప్‌టాప్‌లోకి తల దూర్చాడు. భయానికి లెక్కలుండవు, ఈ దేశంలో మావాళ్ళకు అసలే ఉండవు. పక్కింటివాళ్ళు మన మెయిల్‌బాక్స్ గుద్దినా సారీ మనమే చెప్పి వస్తాం.

జూన్‌లో, మాకు దగ్గర్లోనే ఉన్న ట్రాయ్ అనే ఊరి నుంచి మన తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఇల్లు చూడటానికి వచ్చాయి. రమ్మని పిలిచింది నేనే. ముప్ఫై మంది పైగా ఉంటారు. నేను గుమ్మంలో నిలబడి స్వాగతం చెబుతుండగానే, ఎవరూ ఏమీ అనకుండానే, ముందున్నాయన బూట్లు విప్పాడు. వెనకవాళ్ళూ విప్పారు. చూస్తుండగానే ఆ మెట్ల ముందు ముప్ఫై జతల స్నీకర్లు, చెప్పులు పోగయ్యాయి. టికెట్ బల్ల దగ్గర నుంచి టీచరమ్మ ఆ గుట్టను చూసి కళ్ళద్దాలు సవరించుకుంది. నాకు నవ్వాగలేదు. నేనూ నా బకిల్ బూట్లు విప్పి ఆ పోగులో పడేశాను.

పొయ్యి చూపించాను. కోటు చూపించాను, తాతగారి ఖద్దరు కథ చెప్పాను. “మీ తాతగారు గ్రేట్ అండీ” అని ఒకాయన అంటే పొంగిపోయాను. తర్వాత రాజుగారి చెక్క కథ చెప్పాను, మనవాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా ఓపిక తెగిపోయింది. వెళ్ళి మెట్లకు కట్టిన తాడు విప్పాను.

“పదిమంది చొప్పున పైకి రండి. కిటికీ పక్కన గోడ వెంబడి నాలుగడుగులు నడవండి” అన్నాను.

నడిచారు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరి ముఖం మారింది, ఇంకొకరు ఆగి కాలితో మళ్ళీ తడిమారు. ఒక పెద్దాయన వంగి చేత్తో ముట్టుకున్నాడు. జాబితాలో ఏముందో చెప్పాను. ఆవులు, కళాయి, పనామె, మూడేళ్ళ రెండు నెలలు, రాట్నం. వాళ్ళలో సగం మంది తమ వీసా తేదీలు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళే.

నేను ఊరుకుంటే బాగుండేది. కానీ ఇన్నాళ్ళు మూసిపెట్టిన గొంతు కదా. “చూశారా, వాళ్ళ తిరుగుబాటు అంతా ఈమె కాళ్ళ మీద నిలబడింది. ఆ సంగతి కార్డులో రాయడానికి వీళ్ళకు మనసొప్పదు. దాచుకుంటారు” అన్నాను, కింద ఉన్న టీచరమ్మకు వినిపించాలని ఇంగ్లీషులోనే.

అప్పుడు అడిగింది ఒకమ్మాయి. ఇక్కడే పుట్టి, కాలేజీలో చదువుతున్న పిల్ల. పాదాలు ఇంకా ఆ గుంటలోనే ఉన్నాయి. ఎగతాళి కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

“ఆంటీ, మీ తాతగారి ఇంట్లో కూడా ఇలా వర్క్ చేసే లేడీ ఉందా? ఆమె ఎక్కడ కూర్చొని తింటది?”

“ఏందే గా ప్రశ్నలు, ఆంటీని గట్ల అడుగుతరా” అంది వాళ్ళమ్మ.

“ఐ జస్ట్ వాంట్ టు నో, మమ్మీ.”

ఆ ప్రశ్న నన్ను నేను ఏనాడూ అడుక్కోలేదు. కానీ జవాబు మాత్రం కళ్ళముందే ఉంది, సొట్టలు పోయిన సత్తు కంచంతో సహా. మా తాతగారి ఖద్దరు పంచెలు ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, మడతలు పెట్టే మనిషి ఒకామె ఉండేది. ఆమె కంచం పెరటి గోడ సందులో దోపి ఉండేది. ఇంట్లోకి రాదు. ఆమె తిని, కడిగి, మళ్ళీ అక్కడే దోపుకునేది. మంచినీళ్ళు కావాలంటే రెండు చేతులూ దోసిలి పట్టేది, తగలకుండా పైనుంచి పోయాలి. చాలాసార్లు పోసింది నేను. ఎనిమిదేళ్ళదాన్ని, ఎంత ఎత్తు నుంచి పోస్తే అంత సరదాగా ఉండేది నాకు.

అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది. “మా ఇంట్లో అలాంటివి లేవమ్మా” అనేస్తే అయిపోతుంది, అందరూ కిందికి దిగిపోతారు. మెట్ల కింద టీచరమ్మ చేయి పక్కనున్న కమ్మీ మీద కనిపిస్తోంది.

“ఉండేది” అన్నాను. అదంతా చెప్పాను. కంచం, గోడ, దోసిలి, పైనుంచి నీళ్ళు. అది కూడా ఇంగ్లీషులోనే చెప్పాను, కింద వినేవాళ్ళు వినాలని.

“ఆమె పేరేంటి ఆంటీ?”

నాకు తెలియదు. పదహారేళ్ళు ఆమె ఉతికిన బట్టలు కట్టుకున్న ఇంట్లో పెరిగాను, నాకు ఆమె పేరు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపి కిందికి దిగిపోయింది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

అందరూ వెళ్ళాక టీచరమ్మ తాడు మళ్ళీ కట్టింది.

“చూశావుగా” అంది. “ప్రతి ఇంట్లోనూ చూపించని గది ఒకటి ఉంటుంది. మా ఇల్లొక్కటే నీకెందుకు దొరికింది?”

“నాది ఇవాళ చూపించాను” అన్నాను. “ఇక మీ వంతు.”

“కార్డు చెప్పు, లేదా ఏప్రన్ ఇచ్చెయ్” అంది ఆమె. నేను ఏప్రన్ ముడి విప్పాను. టోపీ కూడా తీసి మడతపెట్టి ఇచ్చాను. పొయ్యి వైపు చూడకుండా బయటికొచ్చి, మిగిలిన ఒకే ఒక్క జత, ఆ బకిల్ బూట్లు, అక్కడే వదిలి నా చెప్పులు వేసుకుని కారెక్కాను. ఇంటిదాకా ఏడుస్తూనే డ్రైవ్ చేశాను. బుద్ధిలేని పని చేశాననిపించింది, మళ్ళీ అవకాశమొస్తే అదే చేస్తాననీ అనిపించింది.

ఆ వారమంతా ఆ పేరు నన్ను నిద్రపోనివ్వలేదు. గుంటూరులో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

“దాని పేరా? ఎందుకే ఇప్పుడు?” అంది అక్క. “‘ఏమే’ అనేవాళ్ళం కదూ అందరం. ఆగు, దాని మనవరాలు మా ఇంటి దగ్గర హాస్పిటల్లోనే స్టాఫ్ నర్స్‌గా చేస్తోందంట. కనుక్కుంటాలే.”

మూడు రోజులకు అక్కే ఫోన్ చేసింది. గొంతులో ఏదో చిరాకు. “అడిగానమ్మా. ఏమందో తెలుసా? ‘ఆమె ఉన్నన్నాళ్ళూ మీకు అక్కర్లేని పేరు, ఇప్పుడు అమెరికాలో కథ చెప్పుకోడానికి కావాల్సొచ్చిందా? చెప్పనని మీ చెల్లెలికి చెప్పండి’ అంది. ఎంత పొగరో చూడు.”

ముందు నాకూ కోపం వచ్చింది. నేను మంచి మాట చెబుదామనే కదా అడిగింది అనుకున్నాను. ఆ కోపం పొయ్యి మీద పాలు పొంగేంతసేపు కూడా నిలబడలేదు. ఆ అమ్మాయి చేసింది సరైన పని. రాజుకు దక్కకుండా చెట్టు దాచినవాడికి చప్పట్లు కొట్టించినదాన్ని, నాకు దక్కకుండా పేరు దాచుకున్న మనిషిని పొగరంటే నాకు నోరెలా వస్తుంది. “పొగరు కాదక్కా” అన్నాను. అక్కకు అర్థం కాలేదు, నేను విడమరిచి చెప్పే స్థితిలో లేను.

తర్వాతి శనివారం ఉదయం నేను తయారవుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. “ఏప్రన్ ఇచ్చేశావుగా, ఎక్కడికి?”

“ఇల్లు చూడ్డానికి. టికెట్ కొనుక్కుని వెళ్తున్నా. గైడ్ అయితే కార్డే చెప్పాలి. టికెట్ కొన్నవాళ్ళు ఏ ప్రశ్నయినా అడగొచ్చు. ఏ వీసా వాళ్ళయినా.”

ఆయన తల గోక్కున్నాడు. “రోడ్ వర్క్ ఉంది, పాత రూట్‌లో వెళ్ళు” అన్నాడు.

వెళ్ళాను. మెట్ల ముందు బూట్లు విప్పాను. కొత్త గైడు ఒక కుర్రావిడ, పాపం పొయ్యి పొగకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. రాజుగారి చెక్క కథ బాగానే చెప్పింది. చప్పట్లు అయ్యేదాకా ఆగి చెయ్యెత్తాను.

“ఆ చెక్క మీద ఎవరు నడిచారు?”

ఆమె కార్డు ముందు చూసింది, వెనక చూసింది. “ఇక్కడ రాసి లేదండీ. పనిమనిషి ఒకరు ఉండేవారని విన్నాను. పేరు తెలియదు.”

“పేరు తెలియదని చెప్పకండి” అన్నాను. “ఎవరూ అడగలేదని చెప్పండి. మా ఇంట్లో మేమూ అడగలేదు.”

జనం నా వైపు తిరిగారు, నా సాక్సుల వైపు కూడా. ఒక ముసలాయన ఆ మెట్లెక్కవచ్చా అని గైడును అడిగాడు. ఆమె తాడు వైపు, వాకిట్లో ఉన్న టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ అవుననలేదు, కాదనలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారమూ వెళ్తున్నాను. పొయ్యి దగ్గర చోటు నాకు తిరిగి రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. కమిటీ కార్డు మార్చలేదు. మొన్న వెళ్ళేసరికి టికెట్ బల్ల దగ్గర టీచరమ్మే ఉంది. నన్ను చూసి, అడక్కుండానే టికెట్ పుస్తకం ముందుకు లాక్కుంది.

“మళ్ళీ అదే ప్రశ్నా?” అంది.

“అదే” అన్నాను.

ఆమె టికెట్ చింపి నా చేతిలో పెట్టింది. నేను బూట్లు మెట్ల ముందు విప్పి లోపలికి వెళ్ళాను.